మైకు సుశీల పిలుపు

మేళా అన్నాక మైకులో సుశీల గొంతు వినిపించాలి. లేకపోతే అది మేళా కాదు, సంత. ఇది నా ఒక్కడి మాట కాదు, జంపఖానాలు అమ్మే మా కాశిబుగ్గ వాళ్ళందరి మాట. ఈ ఏడు హన్మకొండ ఎగ్జిబిషన్‌లో అసలు మైకు గదే లేదు. సుశీల ఏమైందని స్టాలుకు వచ్చిన ప్రతివాడూ నన్నే అడుగుతున్నాడు. బాగానే ఉందయ్యా, సుబేదారిలో ఇంట్లోనే ఉందని చెబుతున్నాను. మరి తానే ఎందుకు రానందంటే ఒక్క ముక్కలో చెప్పేది కాదు. అందుకే ఇదంతా.

నా పేరు ఓంప్రకాశ్. మా నాయన మగ్గం మీదే బతికాడు. నేను నడుము సహకరించినన్నాళ్ళు నేసి, ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నాను. ఎగ్జిబిషన్‌లో అందరూ గేటు దగ్గరి జాగా కోసం కొట్లాడుకుంటే నేను ఏరికోరి మైకు గది పక్క మూల అడిగి తీసుకునేవాణ్ణి. మైకు గదికి ఎవరూ ఊరికే రారు. తల్లి తప్పిపోయిన కొడుకో, పిల్ల తప్పిపోయిన తల్లో వస్తారు. నిలబడలేరు, కూర్చోవడానికి ఏదో ఒకటి కావాలి. నేనొక జంపఖానా పరుస్తాను. తమ మనిషి దొరికాక లేచిపోతూ కొందరు దాన్నే కొనుక్కుపోతారు. వ్యాపారమంటే వ్యాపారమే, అందులో సిగ్గుపడేదేముంది.

సుశీల వాళ్ళ నాయన జయరాజు చర్చిలో కీర్తనలు ఎత్తుకునేవాడు. మైకు లేకపోయినా వెనక బెంచీదాకా వినపడే గొంతు ఆయనది. అదే కూతురికి వచ్చింది. సుబేదారిలో ఒక బడిలో తెలుగు చెప్పింది, ఇద్దరు పిల్లల్ని చదివించింది, పెళ్ళిళ్ళు చేసింది. ఏ పని ఉన్నా మేళా రోజుల్లో సాయంత్రమయ్యేసరికి మెడకు మఫ్లరు చుట్టుకుని, వాము నీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని మైకు గదికి వచ్చేసేది.

స్టాళ్ళవాళ్ళం మా ప్రకటనలు కాగితాల మీద రాసి ఆమెకు ఇచ్చేవాళ్ళం. ఇచ్చింది ఇచ్చినట్టు చదివితే ఆమె సుశీల ఎందుకవుతుంది. మూలికల నూనె అమ్మే రమాకాంత్ ఒకసారి బట్టతల మీద కూడా జుట్టు మొలుస్తుందని రాసిచ్చాడు.

"గిది నేను చదువ సారూ," అంది సుశీల.

"పైసలు కట్టిన గదమ్మా."

"ప్రకటనకు కట్టిండ్లు. అబద్ధానికి కట్టలే."

చివరికి, ఈ నూనె రాసుకుంటే తలకు చల్లగా ఉంటుందని మాత్రం చదివింది. చిత్రమేమిటంటే ఆ ఏడాది రమాకాంత్ సరుకు మేళా ముగియకముందే అయిపోయింది. సుశీల చెప్పిందంటే నిజమే అయి ఉంటుందని జనానికి గురి. మా నోళ్ళతో మేము అరిచి చెప్పుకున్నదాన్ని నమ్మని మనిషి, ఆ గొంతు చెబితే నమ్మేవాడు.

అయితే ఆమె అసలు పనితనం ప్రకటనల్లో కాదు, తప్పిపోయినవాళ్ళను పిలవడంలో ఉండేది. పేరు పిలిచేది. పిలిచి ఆగేది. మనిషి తిరిగి చూసి "ఆ" అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగేది. అలా మూడుసార్లు. ఆ ఖాళీలో మేళా అంతా ఒక్క క్షణం సద్దుమణిగేది, బజ్జీల కడాయి చప్పుడు కూడా వినపడేది. మనిషి దొరికేదాకా మధ్య మధ్యలో పిలుస్తూనే ఉండేది. దొరికితే దొరికారని చెప్పేది కాదు, పిలవడం ఆపేసేది. అంతే. పిలుపు ఆగిందంటే మనిషి వచ్చి మైకు గది బెంచీ మీద కూర్చున్నట్టే లెక్క. ఏటా వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. పిలుపు ఆగగానే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా "ఆఁ, దొరికిండ్లు" అనుకుని మళ్ళీ బేరాల్లో పడేవాళ్ళు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు. నిరుడు ఎగ్జిబిషన్ కాంట్రాక్టు మారింది. కొత్తవాళ్ళ తరఫున భానుచందర్ అనే అబ్బాయి వచ్చాడు. సుబేదారిలో పుట్టి పెరిగి హైదరాబాద్‌లో పని నేర్చినవాడు. మంచివాడే, దండం పెట్టందే మాట్లాడడు. మేళాకు నెలరోజుల ముందు సుశీలను ఒక గదిలో కూర్చోబెట్టి గొంతు రికార్డు చేసుకున్నాడు. అర్థం పర్థం లేని వాక్యాలు చదివించాడట. లోకంలో ఉన్న పేర్లన్నీ పలికించాడట. నవ్వమన్నాడు, నిట్టూర్చమన్నాడు, ఎవరో చాన్నాళ్ళకు కనపడితే ఎలా పలకరిస్తారో అలా పలకరించమన్నాడు.

"గిదంతా ఎందుకు బిడ్డా?" అని అడిగితే, "ఎప్పుడన్న మీకు గొంతు పట్టుకుంటే పనికొస్తది మేడమ్. మీరు జర ఫికర్ జేయకుండ్రి," అన్నాడు. ఆమె నమ్మింది. మేము ఆమె గొంతును నమ్మినట్టే.

మేళా మొదలైన రోజు మా ప్రతి స్టాలుకూ ఒక నల్లటి డబ్బా ఇచ్చారు. టిఫిను గిన్నె అంత ఉంటుంది. గేటు దగ్గర ఫోనుతో టికెట్ కొన్నవాళ్ళకు మెడలో వేసుకోవడానికి ఒక కార్డు ఇస్తారు. మేళా ఉన్నన్ని రోజులూ అదే కార్డు చెల్లుతుంది. ఆ ఫోను ఎవరి పేరు మీద ఉంటే ఆ పేరు కార్డులోకి ఎక్కుతుంది. కార్డున్న మనిషి స్టాలు ముందుకు రాగానే డబ్బా పేరుపెట్టి పిలుస్తుంది. "ఫలానా గారూ, నమస్తే. రండి, మీ కోసమే ఎదురుచూస్తున్నాం." అచ్చంగా సుశీల గొంతు. చాన్నాళ్ళకు కనపడిన మనిషిని పలకరించినట్టే ఉంటుంది.

జనం ఎగబడ్డారు. తమ పేరు పిలిపించుకోవడానికే పిల్లలూ పెద్దలూ స్టాలు స్టాలుకూ తిరిగారు. మిక్సీల వాడి డబ్బా పిలిచింది, దాని పక్క దుప్పట్ల డబ్బా పిలిచింది, ఎదురు వరస నుంచి ఊరగాయల డబ్బా పిలిచింది. ఒకే గొంతు, ఒకే మనిషిని, మూడు వైపుల నుంచి. నవ్వుకుంటూ వచ్చినవాళ్ళు కాసేపటికి నవ్వడం మానేసి భుజాల మీదుగా వెనక్కి చూసుకోవడం నేను గమనించాను. తప్పిపోయినవాళ్ళను పిలవడం ఒక్కటే మిగిలి, మైకు గదిలో సుశీల నోరు మూసుకుని కూర్చుని ఉంది, బయట మైదానమంతా ఆమె మాట్లాడుతోంది.

రెండోనాడు ఆమె మేళా చూడటానికి గది దిగి వచ్చింది. మెడలో తనకిచ్చిన కార్డుతో గాజుల స్టాలు ముందు నిలబడగానే డబ్బా పలికింది. "సుశీల గారూ, నమస్తే. రండి, మీ కోసమే ఎదురుచూస్తున్నాం."

"ఆ," అంది సుశీల, తనకు తెలియకుండానే.

తిరిగొచ్చి నా జంపఖానా అంచు మీద కూర్చుంది. "నన్ను నేనే పిలుచుకున్న అన్నా. నేనే పలికిన," అంది. ఫ్లాస్కు మూతలోకి వాము నీళ్ళు పోసుకుని, తాగకుండానే మళ్ళీ ఫ్లాస్కులో పోసేసింది. నవ్వించడానికి ఏదో ఎకసెక్కం ఆడాను గానీ అది పండలేదు.

ఇక చిలుకమ్మ సంగతి. ములుగు అవతల అడవి అంచు పల్లె ఆమెది. తమ్ముడు వెంకట్రాజం హన్మకొండలో ఆటో నడుపుతాడు. భర్త పోయాక తిండి మాని, మాట మాని, మూలకు కూర్చున్న అక్కను తన ఇంటికి తెచ్చుకున్నాడు. నలుగుర్ని చూస్తే మనసు మళ్ళుతుందని ఒక సాయంత్రం మేళాకు తీసుకొచ్చాడు. టికెట్ ఆమె చేతిలో ఉన్న ఫోనుతోనే కొన్నాడు. ఆ ఫోను ఆమె భర్తది. పేరు మార్పించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మన ఇళ్ళలో ఎవరి ఫోను ఎవరి పేరు మీద ఉంటుందో దేవుడికే ఎరుక.

వాళ్ళు తిన్నగా నా స్టాలు ముందుకే వచ్చారు. నా డబ్బానే పలికింది.

"కట్టయ్య గారూ, నమస్తే. రండి, మీ కోసమే ఎదురుచూస్తున్నాం."

వెంకట్రాజం మొహంలో నెత్తురు లేదు. "మా బావ పేరు," అన్నాడు నాతో. "పత్తి ఏరే రోజులల్ల పోయిండు."

నేను డబ్బా మీద గుడ్డ కప్పబోయాను. కానీ చిలుకమ్మ డబ్బా వైపు చూడనే లేదు. అందరూ పిలుపు వచ్చినవైపు చూస్తారు. ఆమె వెనక్కి తిరిగింది. తన వెనక, ఒక అడుగు ఎడంగా, ఎవరో నడిచి వస్తుంటే చూసినట్టు చూసింది. తర్వాత పక్కకు జరిగింది. వచ్చేవాళ్ళకు దారి ఇస్తే ఎలా జరుగుతామో అలా.

"ఎవలు పిలుస్తాండ్లు అన్నా?" అని అడిగింది నన్ను. మాట మానేసిన మనిషి నోట వచ్చిన మొదటి మాట అదేనని వెంకట్రాజం తర్వాత చెప్పాడు.

"మనుషులు కాదు చెల్లె. డబ్బా."

"డబ్బాకు ఆయన ఎట్ల తెలుసు?"

నేను చెప్పింది ఆమె చెవికి ఎక్కలేదు. పక్క స్టాలుకు వెళ్ళింది. అక్కడా పిలిచింది. ఆ పక్కకు వెళ్ళింది. అక్కడా పిలిచింది. వాళ్ళ పల్లెలో దినాలు అయ్యాక ఏడాది తిరిగేదాకా పోయినవాళ్ళ పేరు ఎత్తరట. ఎత్తితే పోయినవాడు పోతున్న తొవ్వలో ఆగి వెనక్కి మర్లుతాడట. భర్త పేరు భార్య ఎటూ పలకదు. అంటే ఆ పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా లేదు. ఇక్కడేమో మైదానం పొడవునా, తీయటి గొంతుతో, రండి రండి అంటున్నారు.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. గేటు తీయకముందే వచ్చి తడికల అవతల కూర్చునేది. ఒక మధ్యాహ్నం నేను సరుకు సర్దుతున్నాను. జనం లేరు. స్టాళ్ళన్నీ పరదాలు కప్పుకుని ఉన్నాయి. భానుచందర్ మనుషులు డబ్బాలను సరిచూస్తున్నట్టున్నారు, నిన్నా మొన్నా వచ్చినవాళ్ళ పేర్లన్నీ అవి వరసగా పిలవడం మొదలుపెట్టాయి. ఎర్రటి ఎండలో, పురుగు లేని మైదానంలో, పరదాల వెనక నుంచి సుశీల గొంతు ఎవరెవరినో రమ్మంటోంది. మీ కోసమే ఎదురుచూస్తున్నాం అంటోంది. ఆ రోజు మధ్యాహ్నమే వచ్చిన సుశీల మైకు గదిలో అన్నం గిన్నె ముందు పెట్టుకుని, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండా వింటోంది. కట్టయ్య పేరు రాగానే తడికల అవతల చిలుకమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

నాలో భయం పుట్టింది ఆ సాయంత్రం. ఆమె నా స్టాలుకు వచ్చి పెద్ద జంపఖానా ఒకటి పరవమంది. పరిచాను. సగం మీద కూర్చుంది. రెండో సగం చేత్తో దులిపి, ముడతలు సాపు చేసి, ఖాళీగా వదిలింది. చీకటి పడేదాకా అలాగే కూర్చుని మధ్య మధ్యలో తల వంచి తగ్గు గొంతుతో ఏదో చెప్పుకుంది. జంపఖానాలు చూడటానికి వచ్చినవాళ్ళు ఆమెను తప్పించి నడవడం సరే. ఆ ఖాళీ సగాన్ని కూడా తప్పించి నడిచారు. ఒక్కరు తొక్కలేదు. ఆమె వెళ్ళాక దాన్ని మడత పెట్టాల్సింది నేనే. నేను దయ్యాలను నమ్మను. అయినా ఆమె కూర్చున్న వైపు నుంచే మడిచాను.

వెంకట్రాజం సుశీల దగ్గరికి వచ్చి ఏడ్చాడు. "ఊర్ల అక్కోళ్ళ మిరప చేను ఎండిపోతాంది. అక్క బిడ్డ హాస్టల్ల ఉంది, అది ఫోన్ జేసినా అక్క మాట్లాడతలేదు. ఇంటికి పోదాం అక్కా అంటే, బావ వస్తాండు, నేను పోతే ఆగమైతడు అంటాంది. మేళా గీడ అయిపోంగనే కరీంనగర్ పోతదట గదా. నేను గూడ ఎంబడి పోత అంటాంది. గట్ల ఊర్లు వట్టుకొని తిరిగితే మా అక్క మనకు దక్కదమ్మా."

సుశీల భానుచందర్‌ను పిలిపించింది. అతను చెవులు పట్టుకున్నంత పని చేశాడు. చిలుకమ్మ పేరుతోనే కొత్త కార్డు ఇస్తామన్నాడు. చిలుకమ్మ పాత కార్డును పిడికిట్లో పెట్టుకుని ఇవ్వనంటే ఇవ్వనంది.

"పేరు తీసేయ్ బిడ్డా. నా గొంతు ఆ పేరు పిలువొద్దు," అంది సుశీల.

"తీసేస్త మేడమ్. ఒక్క నిమిషం పని."

అన్నట్టే తీసేశాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. తప్పు చేశామని ఎవరికీ తట్టలేదు. ఏళ్ళ తరబడి సుశీల గొంతు విన్న నాకు కూడా తట్టలేదు, అదే నాకు కోపం.

అది మేళా ఆఖరి రోజు. చిలుకమ్మ వచ్చింది. నా డబ్బా పలకలేదు. పక్క డబ్బా పలకలేదు. ఆమె ఒక వరసంతా నడిచింది, తిరిగి రెండో వరసంతా నడిచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు చూస్తే మొహం వెలిగిపోతోంది. కొప్పు సరిచేసుకుంది, కొంగుతో మెడ తుడుచుకుంది. పెళ్ళిచూపుల పిల్లలా సిగ్గుపడుతూ నా ముందు నుంచే మైకు గదిలోకి వెళ్ళింది. వెనకాలే వెంకట్రాజం, వాడి వెనక నేను.

"అక్కా, ఏడీ మా ఇంటాయన?" అంది సుశీలతో. కళ్ళు బెంచీ మీద ఉన్నాయి. "పిలుసుడు ఆపిండ్లు గదా. దొరికిండు గదా. ఏడ కూసుండవెట్టిండ్లు?"

ఈ మేళాలో కూర్చుని ఆమె అన్నీ గమనించింది. తప్పిపోయినవాళ్ళను పిలవడం విన్నది, ఆపడం విన్నది, ఆపాక మనిషి బెంచీ మీద కనపడటం చూసింది. ఆమె లెక్కలో తప్పు లేదు. సుశీల కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"దొరకలే చెల్లె," అంది.

"దొరకంది ఎట్ల ఆపినవ్?"

"నేను పిలువలే. ఆపింది గూడ నేను కాదు. గా డబ్బాలు."

"గొంతు నీది కాదా?"

"నాదే."

"గొంతు నీదైతే పిలిచింది నువ్వే గదక్కా."

వెంకట్రాజం అక్క చెయ్యి పట్టుకుని బయటికి నడిపించబోయాడు. ఆమె విదిలించుకుని బెంచీ మీద కూర్చుంది. ఒక మూలకు ఒదిగి, పక్కన జాగా వదిలి.

"కరీంనగర్ల పిలుస్తరు. ఆడికి పోత," అంది.

"ఎందుకు చెల్లె గింత పట్టుదల?" అని సుశీల ఆమె ముందు నేల మీద కూర్చుంది.

అప్పుడు చెప్పింది చిలుకమ్మ. ఆ రోజు కట్టయ్య పొద్దున్నే చేనుకు పోయాడు. అన్నం వేళకు రాలేదు. ఆమె సద్ది పట్టుకుని చేను గట్టుదాకా వెళ్ళింది. మనిషి కనపడలేదు. పత్తి చెట్లు నడుము దాటి ఉన్నాయి. పేరు పెట్టి కేక వేయాలి, భర్త పేరాయె. "ఓయ్, ఇనవడ్తాందా" అని రెండుసార్లు అంది. అవతలి చేలో కూలీలు ఉన్నారు, వాళ్ళు నవ్వుతారని గట్టిగా అనలేదు. ఎటో పోయి ఉంటాడని సద్ది గట్టు మీద పెట్టి వచ్చేసింది. పొద్దు గూకే వేళకు చూస్తే ఆమె నిలబడిన చోటికి నాలుగు సాళ్ళ అవతలే పడి ఉన్నాడు. చేతికి అంటిన మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆమె సద్ది తెచ్చిన వేళకు ఇంకా ప్రాణం ఉండే ఉంటుందని ఎవరో అన్నారు.

"నేను పిలువలే అక్కా. ఎవ్వలు పిలువలే. ఇప్పుడు నువ్వు పిలుస్తాన్నవ్. ఆపకు," అంది.

నాకు కళ్ళు మండాయి. తుడుచుకోలేదు, ఎవరు చూస్తే ఏమిటి.

సుశీల లేచింది. మైకు ముందున్న తన కుర్చీ చిలుకమ్మకు చూపించింది. "నన్ను ఆయన ఎరుగడు గద చెల్లె. నా గొంతుకు ఎందుకొస్తడు? నువ్వు పిలువు. వచ్చేటోడైతే నీ గొంతుకే వస్తడు."

"నేనా? పేరు వెట్టా?"

"పేరు వెట్టే."

వెంకట్రాజం వద్దన్నట్టు చెయ్యెత్తాడు. పోయినవాణ్ణి భార్యే పేరు పెట్టి పిలవడం వాళ్ళలో ఎక్కడన్నా ఉందా. కానీ చిలుకమ్మ అప్పటికే వెళ్ళి కూర్చుంది. సుశీల మీట నొక్కింది. మైకు తెరిస్తే డబ్బాలన్నీ వాటంతట అవే మూగవోతాయి. మైదానంలో సుశీల గొంతు ఒక్కసారిగా ఆగిపోయింది.

"కట్టయ్యా," అంది చిలుకమ్మ.

పెదవి దాటీ దాటనట్టుగా అంది. అయినా మైకు దాన్ని అందుకుని గేటు దాకా తీసుకెళ్ళింది. సుశీల వేలు పైకెత్తి ఆగమంది. మనిషి తిరిగి చూసి పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగారు.

"కట్టయ్యా."

ఈసారి బయట బజ్జీల వాడు చిల్లుల గరిటె ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. జెయింట్ వీల్ దగ్గరి పాటను ఎవరో కట్టేశారు. కొత్త గొంతు, ఎవరిదో తెలియదు. ఎవరిని పిలుస్తుందో తెలియదు. అయినా మేళా మేళా అంతా నిలబడి వింది.

"కట్టయ్యా." మూడోసారి చేను గట్టు మీద నిలబడి కేక వేసినట్టే వేసింది. తల పైకెత్తి, మెడ నరాలు తేలేలా, ఎవరు నవ్వినా నవ్వనీ అన్నట్టు.

అప్పుడు నేను చూసింది చెబితే మీరు నమ్మాలని లేదు. గది కిటికీలోంచి మైదానం కనపడుతుంది. అంతమంది జనం, ఆడా మగా, అందరూ తల తిప్పి వెనక్కి చూశారు. పిలుపు వచ్చిన మా గది వైపు కాదు. ఎవరి వెనక వాళ్ళు. ఎవరో వస్తుంటే చూసినట్టు. కొందరు పక్కకు జరిగారు కూడా. ఎవడో దారి అడిగినట్టు మైదానం మధ్యలో సన్నటి సందు ఒకటి విడిచి, కాసేపు అలాగే ఉంది. నేను కూడా వెనక్కి చూశాను. నా వెనక గోడ తప్ప ఏమీ లేదు. అయినా చూశాను.

ఎంతసేపు ఆగామో నాకు తెలియదు. సుశీల వేలు దించలేదు. చిలుకమ్మ తలుపు వైపే చూస్తూ ఉంది. చూసి చూసి, మైకు ఇంకా తెరిచి ఉందని తెలియక, మామూలు గొంతుతో అంది.

"రాలేదక్కా. ఇగ రాడు."

ఆ మాట కూడా గేటుదాకా వెళ్ళింది. సుశీల మీట కట్టేసింది.

చిలుకమ్మ మెడలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "తమ్మీ, పోదాం. మిరప కాయ రాలిపోతది," అంది. అంత మామూలుగా అన్నందుకు వెంకట్రాజం తట్టుకోలేకపోయాడు. ఆటో గేటు ముందుకు తెస్తానని మొహం తిప్పుకుని పరిగెత్తాడు. ఆమె నెమ్మదిగా గది దిగి జనంలోకి నడిచింది. అందరికీ ఆమె ఎవరో తెలిసిపోయినట్టుంది, ఎవరూ ఏమీ అడగలేదు.

ఆమె పది పన్నెండు స్టాళ్ళు దాటాక సుశీల బల్ల మీద చూసింది. కార్డు పక్కనే కట్టయ్య ఫోను ఉండిపోయింది. తీసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"చిలుకమ్మా," అని పిలిచింది, మైకు లేకుండా, ఉత్త గొంతుతో.

మైకు కట్టేయడంతో డబ్బాలు మళ్ళీ మొదలయ్యాయి. మిక్సీల దగ్గర ఎవరో పద్మలతను రమ్మంటున్నాయి, దుప్పట్ల దగ్గర ఎవరో అఖిల్‌ను రమ్మంటున్నాయి. అన్నీ ఆ గొంతే. చిలుకమ్మ తిరిగి చూడలేదు.

"చిలుకమ్మా."

వెనక బెంచీదాకా వినపడే గొంతు. దగ్గరున్నవాళ్ళు కూడా తల ఎత్తలేదు. ఒకాయన తన భార్యతో, డబ్బా ఎవరినో పిలుస్తాంది అని అనడం నా చెవిన పడింది. ఆయన మాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. సుశీల ఆయన మొహంలోకి చూసింది. మూడోసారి పిలవలేదు. మఫ్లరు జారిపోతున్నా పట్టించుకోకుండా జనాన్ని తోసుకుంటూ పరిగెత్తింది. ఆ వయసులో ఆమె పరిగెత్తడం నేను ఎన్నడూ చూడలేదు. నేనూ వెంట వెళ్ళాను.

గేటు దగ్గర అందుకుంది. అందుకుని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చిలుకమ్మ ఉలిక్కిపడి తిరిగింది. సుశీల ఆయాసంతో పేరు మళ్ళీ పలికింది. చిలుకమ్మ ఆమె కళ్ళలోకి కాదు, పెదవుల వంక చూసింది. కదులుతున్నాయో లేదో చూసుకుంటున్నట్టు చూసింది.

"నువ్వేనా అక్కా?" అని అడిగింది.

సుశీల నోరు తెరిచింది. వెనక వరసల్లోంచి ఆమె గొంతే ఎవరినో, మీ కోసమే ఎదురుచూస్తున్నాం అంటోంది. తెరిచిన నోరు మూసుకుంది. అవునన్నట్టు తల ఊపి, ఫోను ఆమె చేతిలో పెట్టింది.